ఆ ఈగ వేరు, ఈ ఈగ వేరు

ఖమ్మం నుంచి ఇల్లెందు మీదుగా గానీ కొత్తగూడెం మీదుగా గానీ భద్రాచలం వైపు బయల్దేరితే, మిరపచేలూ పత్తిచేలూ పలచబడి, టేకు, మద్ది, తునికి, ఇప్ప చెట్లు చిక్కబడే చోటు ఒకటి వస్తుంది. అక్కణ్ణుంచి ఒకవైపు గుండాల అడవి, ఇంకోవైపు కిన్నెరసాని అభయారణ్యం, గోదావరి దాటితే దుమ్ముగూడెం, చర్ల. ఎండాకాలం ఈ ఊళ్లలో తేనె అమ్మకానికి వస్తుంది. ఏ తేనె అని అడిగితే, తేనె తీసిన మనిషి తడుముకోకుండా చెబుతాడు: ఇది కొండతేనె, ఇది పుట్టతేనె, ఇది జుంటితేనె. కొనేవాళ్లు అది రుచిలో తేడా అనుకుంటారు. ఆయన చెబుతున్నది ఈగ గురించి. మూడు తేనెలు పెట్టినవి మూడు జాతుల ఈగలు.

ఈ పూట ఆ జాతుల గురించే మాట్లాడుకుందాం. ఒకదాన్నొకటి పోలి ఉండే అడవి తేనెటీగల్ని ఎలా వేరుచేసి గుర్తుపట్టాలి, ఎక్కడిదాకా మన కన్ను సరిపోతుంది, ఎక్కడ సరిపోదు, అసలు అంత పట్టింపు ఎందుకు అన్నది చెబుతాను. రంగూ సైజూ చూసి ఈగకు పేరు పెట్టేయడం మనకు అలవాటు. ఎక్కువసార్లు మనల్ని తప్పుదారి పట్టించేది ఆ అలవాటే. ఈగ ఎక్కడ కాపురం పెట్టింది, ఏ వేళకు బయటికి వస్తుంది, దాని రెక్కలో గీతలు ఎలా ఉన్నాయి, ఇవి చూడాలి. నమ్మదగిన గుర్తులు ఇవే.

ముందుగా ఒక చిన్న జాగ్రత్త. పువ్వు మీద వాలినదల్లా తేనెటీగ కాదు. పసుపు, నలుపు చారలతో అచ్చం తేనెటీగలా కనిపించే మామూలు ఈగలు చాలా ఉన్నాయి. వాటికి రెండే రెక్కలు. తేనెటీగకు నాలుగు. మామూలు ఈగకు కళ్లు ముఖమంతా పరుచుకుని ఉంటాయి, మీసాలు బాగా పొట్టివి. గాలిలో కదలకుండా ఒక్కచోటే నిలిచి, చటుక్కున పక్కకు జరిగేది చాలావరకు ఆ రకం ఈగే. ఇక కందిరీగకు నడుము సన్నం, ఒంటి మీద నూగు తక్కువ. తేనెటీగకు ఒంటినిండా నూగు ఉంటుంది, పుప్పొడి అంటుకునేది ఆ నూగుకే. ఈ మాత్రం తెలిస్తే సగం గందరగోళం తీరిపోతుంది.

ఇక అసలు ఈగల దగ్గరికి వద్దాం. కొండతేనె పెట్టే ఈగకు శాస్త్రంలో పేరు ఏపిస్ డార్సేటా. మన తేనెటీగల్లో ఇదే పెద్దది. ఒక్కో కూలి ఈగ 17 నుంచి 20 మిల్లీమీటర్ల పొడవుంటుంది. ఆరుబయట ఒకే ఒక్క పట్టు పెడుతుంది. కొండచరియ కింద, బూరుగ, మద్ది లాంటి పొడవాటి చెట్ల కొమ్మల కింద, ఈమధ్య నీళ్ల ట్యాంకుల కిందా వంతెనల కిందా కూడా. పట్టు మీటరు వెడల్పు ఉండటం వింతేమీ కాదు. ఒకే చెట్టుకు చాలా పట్లు వేలాడటమూ ఉంది. పట్టు మీద ఈగలు పొరలు పొరలుగా కప్పుకుని ఉంటాయి. కందిరీగ దగ్గరికి వచ్చిందంటే పై పొరలోని ఈగలు వరసగా పొట్టలు పైకెత్తుతాయి. ఆ కదలిక క్షణంలో పట్టు ఈ కొస నుంచి ఆ కొసకు పాకిపోతుంది. కింద నిలబడి దూరం నుంచి చూసినా అది కొండ ఈగ అని చెప్పేయవచ్చు. దగ్గరికి పోవలసిన పని లేదు, పోకూడదు కూడా.

ఇది వలస ఈగ. అడవిలో పూలు తగ్గితే పట్టు వదిలేసి గుంపు మొత్తం లేచిపోతుంది, మళ్లీ పూలకాలానికి వస్తుంది. వచ్చేది పాత గుంపేనా, కొత్తదా అన్నది చాలాకాలం తేలలేదు. 2000 సంవత్సరంలో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఈశాన్య భారతంలో గుంపుల డీఎన్‌ఏను వలసకు ముందూ తరవాతా పోల్చి చూస్తే, నెలల తరవాత కూడా అదే రాణి తన గుంపుతో అదే చోటికి తిరిగి వచ్చిందని తేలింది. అంటే పట్టు ఖాళీ అయిన చెట్టు విడిచిపెట్టిన చెట్టు కాదు. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో దీనితో పని ఉంది.

కొండ ఈగకు హిమాలయాల్లో ఒక తోబుట్టువు ఉంది. పేరు ఏపిస్ లేబొరియోసా. ఇంకా పెద్దది, పొట్ట నలుపు. 1871లో ఫ్రెడరిక్ స్మిత్ దానికి పేరు పెట్టాడు. కానీ తరవాత శతాబ్దం పాటు చాలామంది దాన్ని డార్సేటాలో చలికొండల రకంగానే లెక్కేశారు. జపాన్‌కు చెందిన షోయిచి సకగామి బృందం 1980లో అది వేరే జాతేనని గట్టిగా చెప్పింది. అయినా కొందరికి అనుమానం తీరలేదు, ఎత్తును బట్టి ఒకే ఈగ రూపం మార్చుకుందేమోనని. 2020లో ప్రచురించిన పరిశీలనలతో అరుణాచల్ లాంటి చోట్ల రెండూ ఒకే ప్రాంతంలో బతుకుతూ, దేని రూపం దానికే నిలుపుకుంటున్నాయని తేలింది. పక్కపక్కనే ఉండి కూడా కలవని రెండు గుంపుల్ని ఒకే జాతి అని ఎలా అంటాం? జాతి వేరని చెప్పడానికి నా దృష్టిలో ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఉండదు. లేబొరియోసా మన అడవుల్లో లేదు. అందుచేత భద్రాచలం దగ్గర పెద్ద ఈగ ఎంత నల్లగా కనిపించినా డార్సేటాయే.

పుట్టతేనె పెట్టేది ఏపిస్ సెరానా. దీనికి చీకటి కావాలి. చెట్టు తొర్ర, ఖాళీ చెదపుట్ట, రాతి సందు, పాత గోడలో బొరియ, ఏదైనా సరే వెలుగు లోపలికి రాకూడదు. లోపల ఒక పట్టు కాదు, పక్కపక్కనే అనేకం కడుతుంది. ఈ మూడింటిలో పెట్టెలో పెంచుకోవడానికి వీలైనది ఇదొక్కటే కావడానికి కారణం ఇదే. కొండ ఈగను, జుంటీగను పెట్టెలో కాపురం పెట్టించాలని చూసిన ప్రయత్నాలు నిలవలేదు. ఆరుబయట బతకడం వాటి స్వభావం.

జుంటీగ, అంటే ఏపిస్ ఫ్లోరియా, మరీ చిన్నది. పొట్ట మొదటి భాగం ఇటుక ఎరుపు, ఆ తరవాత నలుపు తెలుపు చారలు. అరచేయంత పట్టు ఒక్కటే, పొదలో సన్న కొమ్మను చుట్టి కడుతుంది. ఈ పట్టును తాపీగా చూడవలసిందే. పట్టుకు అటూ ఇటూ కొమ్మ మీద నాలుగు వేళ్ల దూరంలో మెరుస్తూ ఒక పూత కనిపిస్తుంది. చెట్ల బంక తెచ్చి ఈగలే పూసిన జిగురు అది. చీమలు కొమ్మ వెంట నడిచొచ్చి ఆ జిగురు దగ్గర ఆగిపోతాయి. ఎండి దుమ్ము పట్టితే ఈగలు మళ్లీ కొత్త బంక పూస్తాయి. పట్టు పైభాగం కొమ్మ మీదికి చదునుగా అరుగులా పరుచుకుని ఉంటుంది. పూల జాడ కనిపెట్టిన ఈగ తోటి ఈగలకు దిక్కు చెప్పడానికి ఆ అరుగు మీదే ఆడుతుంది, పూలున్న దిక్కుకు నేరుగా ముఖం పెట్టి. మిగతా రెండు జాతులూ నిలువు పట్టు మీద ఆడతాయి కాబట్టి, సూర్యుడికీ పూలకూ మధ్య ఉన్న కోణాన్ని పైకీ కిందికీ మార్చుకుని చూపించాలి. 1950ల్లో మార్టిన్ లిండవర్ శ్రీలంకకు వచ్చి ఈ ఆటల్లో తేడాలను పక్కపక్కన పెట్టి పరిశీలించాడు. ఒకే కుటుంబంలో మూడు జాతులు, ఒకే మాటను మూడు ఇళ్ల కట్టుబడిని బట్టి చెబుతున్నాయి.

ఇల్లు చూస్తే మూడూ తేలిపోయాయి. మరి పువ్వు మీద ఒంటరిగా వాలిన ఈగ సంగతేమిటి? లేదా మూడు జాతులూ ఒకే కిలోమీటరులో ఉన్నప్పుడు వాటి మగ ఈగలు, రాణులు తికమక పడవా? ఈ రెండో ప్రశ్నకు దొరికిన జవాబు నాకు ఎంతో ఇష్టం. మూడు జాతుల రాణులూ మగ ఈగల్ని ఆకర్షించే వాసనలో ముఖ్యమైన పదార్థం ఒకటే. వాసనను నమ్ముకుంటే అంతా కలగాపులగం కావలసిందే. 1976లో నికొలాస్ కోనిగర్, విజయగుణశేఖర శ్రీలంకలో గడియారం పెట్టుకుని మగ ఈగల్ని గమనించారు. జుంటీగ పోతులు మధ్యాహ్నం 12 నుంచి రెండున్నర దాకా ఎగిరాయి. పుట్టతేనె ఈగ పోతులు నాలుగుంపావుకు మొదలుపెట్టి ఐదుంపావుకు ముగించాయి. కొండ ఈగ పోతులు సాయంత్రం ఆరు దాటాక, ముక్కాలు గంట లోపు. ఒక జాతి ఇంటికి చేరాకే మరో జాతి బయల్దేరుతుంది. ఆకాశం ఒకటే, పూట వేరు. జాతిని జాతిగా నిలబెడుతున్నది ఇక్కడ రంగు కాదు, వేళ.

కొండ ఈగకు ఇంకో వేళ కూడా ఉంది. వెన్నెల బాగా ఉన్న రాత్రుల్లో అది మేతకు వెళుతుంది. ఇప్ప పూలు రాలే రోజుల్లో పున్నమి రాత్రి చెట్టు మీద తేనెటీగల రొద వినిపిస్తే అనుమానించవలసింది దాన్నే.

ఇప్పుడు మన పొలాల సంగతి. పూతకాలంలో చేల పక్కన, తోటల్లో వరసగా పెట్టెలు కనిపిస్తే, అందులో ఉన్నది చాలావరకు మన ఈగ కాదు. ఐరోపా నుంచి వచ్చిన ఏపిస్ మెల్లిఫెరా. 1962లో అప్పటి పంజాబ్‌లోని నగ్రోటాలో దాన్ని పెంచడం మొదలైంది. నగ్రోటా ఇప్పుడు హిమాచల్‌లో ఉంది. సెరానాకు మెల్లిఫెరా దగ్గరి చుట్టం. అదీ చీకట్లోనే కాపురం చేస్తుంది, పట్లు పక్కపక్కనే కడుతుంది. కాస్త పెద్దది, కానీ పువ్వు మీద చూసి ఆ కాస్తను కొలవడం కష్టం.

ఈ రెంటినీ వేరుచేయడానికి రెండు దారులు. ఒకటి ఎవరైనా చూడగలిగింది. ఎండవేళ గుమ్మం దగ్గర నిలబడి రెక్కలతో విసురుతున్న ఈగల్ని చూడండి. సెరానా తల బయటికి, పొట్ట లోపలికి పెట్టి, బయటి గాలిని లోపలికి తోలుతుంది. మెల్లిఫెరా తల గుమ్మం వైపు పెట్టి, లోపలి వేడిగాలిని బయటికి లాగుతుంది. ఎటు తిరిగి నిలబడిందో చూస్తే సరిపోతుంది.

రెండోది చేతి భూతద్దంతో చూడవలసింది. గుమ్మం ముందో, దీపం కిందో చచ్చిపడి ఉన్న ఈగ ఒకటి చాలు. దీనికోసం బతికున్నదాన్ని చంపవద్దని మనవి. వెనక రెక్కను జాగ్రత్తగా ఊడదీసి, తెల్లకాగితం మీద పెట్టి, వెలుగులో చూడండి. ముందు రెక్క కన్నా చిన్నది, గీతలు తక్కువ. మొదట్నుంచి బయల్దేరిన ఒక నరం మధ్యలో ఒక అడ్డగీతను కలుస్తుంది. సెరానాలో ఆ నరం అడ్డగీతను దాటి రెక్క అంచు వైపు ఇంకొంచెం సాగుతుంది. మెల్లిఫెరాలో అక్కడితో ఆగిపోతుంది. ఒక మిల్లీమీటరు కూడా ఉండని గీత. అది ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఒక ఈగ ఆసియాదో ఐరోపాదో తేలుతుంది. బడి పిల్లల చేత ఈ పని చేయించిన మాస్టార్లకు నేను చెప్పక్కర్లేదు, ఒక్కసారి చూసిన పిల్లలు ఆ గీతను మరిచిపోరు.

గీతలతో కూడా తగవులు తీరని చోట్లున్నాయి. సెరానానే తీసుకోండి. దక్షిణాదిలో మైదానాల్లో పసుపు రకం, కొండల్లో నల్ల రకం ఉన్నాయని పెంపకందార్లకు ఎప్పట్నుంచో తెలుసు. 1798లో యోహాన్ ఫాబ్రీసియస్ ఏపిస్ ఇండికా అని ఒక ఈగకు పేరు పెట్టాడు. తరవాతివాళ్లు దాన్ని, అంతకు ఐదేళ్ల ముందు 1793లో ఆయనే పేరు పెట్టిన సెరానాలో కలిపేశారు. 2022లో కేరళ పరిశోధకులు షానస్, అంజు, మష్హూర్ ఒక పత్రం ప్రచురించారు. పడమటి కనుమల నల్ల ఈగ వేరే జాతి అన్నారు, దానికి ఏపిస్ కరింజోడియన్ అని పేరు పెట్టారు. మైదానాల పసుపు ఈగకు ఫాబ్రీసియస్ ఇచ్చిన ఇండికా పేరునే తిరిగి నిలబెట్టాలన్నారు. ముందు రెక్కలో నరాల ముక్కల పొడవుల నిష్పత్తి వాళ్ల ముఖ్యమైన ఆధారం. దీన్ని అందరూ ఒప్పుకోలేదు. కొలతల్లో తేడా ఉన్నంత మాత్రాన జాతి వేరవుతుందా, చలి, ఎత్తు, మేత వల్ల వచ్చిన తేడా కాదా అన్నది వాదన.

ఈ వాదన మనకెందుకు అంటారేమో. మన తూర్పు కనుమల అంచు అడవుల్లో, పాపికొండల దాకా, పుట్టతేనె ఈగ ఉంది. పడమట జరుగుతున్న తగవు తేలే నాటికి ఇక్కడి ఈగ ఇక్కడిదిగానే మిగిలి ఉండాలి. ఎక్కణ్ణుంచో సెరానా గుంపుల్ని పెట్టెల్లో తెచ్చి ఇక్కడ వదిలితే, రెండూ కలిసిపోయి, పోల్చి చూడటానికి ఏమీ మిగలదు. పెంపకం పథకాలు నడిపేవాళ్లు స్థానిక గుంపులతోనే మొదలుపెట్టాలని నేను గట్టిగా కోరేది అందుకే.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ కుట్టే ఈగలు. ఇక నాలుగోది. నల్లగా, నాలుగు మిల్లీమీటర్లు, బియ్యపు గింజ కన్నా చిన్నది. కుట్టదు, కుట్టడానికి పనికొచ్చే ముల్లే లేదు. బెదిరిస్తే జుట్టులో దూరి కరుస్తుంది, అంతే. గోడ పగుల్లోనో చెట్టు తొర్రలోనో ఉంటుంది. మైనం, బంక కలిపి గుమ్మానికి ఒక చిన్న గొట్టం కడుతుంది, కాపలా ఈగలు ఆ గొట్టం నోట్లో తలలు బయటపెట్టుకుని కూర్చుంటాయి. లోపల ఆరుమూలల గదుల్లో కాదు, గుండ్రటి చిన్న చిన్న కుండల్లో తేనె దాస్తుంది. కొంచెమే దొరుకుతుంది, పుల్లగా ఉంటుంది, మందుకని ఎక్కువ ధర పెట్టి కొంటారు.

మన ప్రాంతంలో దీన్ని ఒకే ఈగగా చూస్తాం. పుస్తకాల్లో కూడా చాలాకాలం అలాగే చూశారు. 1854లో స్మిత్ శ్రీలంక ఈగకు పెట్టిన పేరు, ఇప్పుడు టెట్రగోనులా ఇరిడిపెన్నిస్ అంటున్నాం, భారతదేశంలో ఎక్కడ కుట్టని ఈగ దొరికినా దానికి తగిలించేశారు. 1978లో సకగామి ఈ గుంపును తిరగదోడి చూశాడు. 2013లో క్లాస్ రాస్ముసెన్ భారత ఉపఖండపు కుట్టని ఈగలన్నిటి మీదా సమీక్ష రాశాడు. 2019లో కేరళలో షానస్, ఫసీహ్ కలిసి మూడు కొత్త జాతుల్ని వర్ణించారు. ఒక పేరు కింద ఎన్ని ఈగలు దాగున్నాయో ఇప్పుడిప్పుడే బయటపడుతోంది.

ఇక్కడ మన కన్ను నిజంగా సరిపోదు. వీపు మీద నూగు చారలు చారలుగా ఉందా, ఒకేలా పరుచుకుందా, రెక్క పొడవెంత, వెనక రెక్క అంచున కొక్కేలు ఎన్ని, కన్నుకీ దవడకీ మధ్య జాగా ఎంత, ఇవన్నీ మైక్రోస్కోపు కింద కొలవాలి. అప్పటికీ కూలి ఈగలతో తేలకపోవచ్చు. మగ ఈగ జననాంగం చూస్తే గానీ నిర్ధారణ కాదు, మగ ఈగలేమో ఎప్పుడంటే అప్పుడు దొరకవు. గుమ్మం గొట్టం పొడవు చూసి జాతి చెప్పేవాళ్లుంటారు. దాన్ని నమ్మవద్దు, ఒకే జాతి ఒక్కోచోట ఒక్కోలా కడుతుంది. 2003 నుంచి డీఎన్‌ఏ బార్‌కోడ్ అనే పద్ధతి వాడుకలోకి వచ్చింది. అందులో దాదాపు 650 అక్షరాల ముక్కను చదివి పోలుస్తారు. గొప్ప సాయమే. కానీ పోల్చడానికి సరిగ్గా పేరు పెట్టిన నమూనా ఒకటి ముందే ఉండాలి కదా. కాబట్టి మైక్రోస్కోపు ముందు కూర్చునే మనిషి అవసరం తీరదు. మన అడవుల్లోని కుట్టని ఈగల్ని ఆ ఓపికతో చూసే యువకులు, యువతులు ఈ జిల్లాల కాలేజీల నుంచే రావాలి.

తుమ్మెదల్లో తప్పు ఇంకోలా జరుగుతుంది. ఎండిన కర్రకు, ఇంటి దూలానికి గుండ్రటి రంధ్రం తొలిచి కాపురముండే పెద్ద ఈగలు ఇవి. జైలోకోపా ప్యూబెసెన్స్ అనే జాతిలో ఆడది నలుపు, వీపు మీద మాత్రం పసుపు నూగు. మగది ఒళ్లంతా పసుపు. తెలియనివాళ్లు అవి రెండు జాతులంటారు. అక్కడ ఉన్నది ఒకటే. ఇందాకటి ఈగల్లో ఒకేలా కనబడేవి వేరువేరు, ఇక్కడ వేరుగా కనబడేవి ఒకటి. మహారాష్ట్రలోని భీమశంకర్ అడవిలో హేమా సోమనాథన్ బృందం తుమ్మెదల్ని గమనిస్తే, ఒక జాతి పగలు, ఒకటి సంధ్యవేళ, మూడోది, జైలోకోపా ట్రాంక్వెబారికా, చందమామ లేని రాత్రుల్లో కూడా పూలకు వెళుతోందని తేలింది. మళ్లీ వేళే గుర్తు.

రైతు సోదరులకు తుమ్మెద గురించి ఒక మాట. వంగ, టమాట పూలలో పుప్పొడి చిన్న రంధ్రాలున్న గొట్టాల్లో దాగి ఉంటుంది. తుమ్మెద ఆ పువ్వును కాళ్లతో పట్టుకుని ఒళ్లు గడగడా అదిరిస్తుంది, పుప్పొడి జలజలా రాలుతుంది. నీలి చారల ఈగ, అమెజిల్లా, అదీ ఈ పని చేస్తుంది. పెట్టెలో పెంచే తేనెటీగలకు ఈ విద్య రాదు. కాబట్టి వంగతోట పక్కన ఎండు కర్రలు, తుమ్మెద తొలిచిన దుంగలు కొన్ని ఉండనివ్వండి. పూత మీద పగటిపూట పురుగుమందు కొట్టకండి, తప్పనిసరైతే పొద్దుగూకాక కొట్టండి.

జాతుల్ని సరిగ్గా వేరుచేయకపోతే ఎంత నష్టమో ఒక్క ఉదాహరణ చెబుతాను. తేనెటీగల్ని పట్టి పీడించే నల్లి పురుగు ఒకటుంది, వర్రోవా. 1904లో ఔడెమాన్స్ జావాలో సెరానా మీద దొరికినదానికి వర్రోవా జాకబ్సోనీ అని పేరు పెట్టాడు. తరవాత ప్రపంచమంతా మెల్లిఫెరా పెట్టెల్ని ఖాళీ చేసిన నల్లిని కూడా అదే పేరుతో పిలిచారు. 2000లో డెనిస్ ఆండర్సన్, జాన్ ట్రూమన్ చూపించారు, పెట్టెల్ని నాశనం చేస్తున్నది జాకబ్సోనీ కాదు, దాని దగ్గరి చుట్టం, ఇంకో జాతి అని. దాని పేరు ఇప్పుడు వర్రోవా డిస్ట్రక్టర్. అప్పటికి దశాబ్దాల పరిశోధన తప్పు పేరు మీద నడిచింది.

మన దగ్గరి అనుభవం ఇంకా చేదు. 1991, 1992 ప్రాంతంలో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ దక్షిణాదిని తాకింది. కేరళలో పెంపకందార్ల సెరానా గుంపుల్లో నూటికి తొంభైకి పైగా పోయాయి. పక్కనే ఉన్న మెల్లిఫెరాను ఆ వైరస్ అంతగా బాధించలేదు. ఆ తరవాతే దక్షిణాదిన మెల్లిఫెరా పెట్టెలు బాగా పెరిగాయి. దగ్గరి చుట్టాలైన రెండు ఈగల్లో ఒకటి చచ్చిపోయింది, ఒకటి నిలిచింది. తేనెటీగలు పోతున్నాయి, తేనెటీగలు పెరుగుతున్నాయి అని గుంపగుత్తగా చెప్పే వార్త విన్నప్పుడల్లా, ఏ ఈగ అని అడగండి.

చివరగా తేనె తీయడం గురించి. 2006 అటవీ హక్కుల చట్టం తేనెను చిన్న తరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది, సేకరించే హక్కు అడవిలో బతికే గిరిజనులదీ, ఇతర సంప్రదాయ అటవీవాసులదీ. 1956లో మొదలైన గిరిజన సహకార సంస్థ దశాబ్దాలుగా ఆ తేనె కొంటోంది. ఈ జీవనం నిలవాలి, ఈగా నిలవాలి. దానికి దారి జాతిని బట్టి మారుతుంది. కొండ ఈగ పట్టులో తేనె కొమ్మకు ఆనుకుని ఒక పక్కకు చేరి ఉంటుంది, పిల్లలు మిగతా భాగంలో. తేనె ముక్క మాత్రమే కోసి, పిల్లల పట్టును అలాగే వదిలితే గుంపు ఆ కోతను మళ్లీ కట్టుకుంటుంది. మంట పెట్టి కాల్చకుండా, పొగతో సరిపెడితే సరిపోతుంది. పుట్టతేనె తీసేటప్పుడు తొర్రనూ పుట్టనూ పగలగొట్టకుండా, తేనె ఉన్న పట్లు మాత్రం తీసి గుమ్మం మళ్లీ మూసిరావాలి. జుంటీగ సంగతి వేరు. దాని తేనె కొమ్మను చుట్టుకుని పైన ఉంటుంది, పిల్లలు దాని కింద వేలాడుతుంటాయి. తేనె కోస్తే కింది పట్టు మొత్తం రాలిపోతుంది. దొరికేది గుక్కెడు తేనె. జుంటి పట్టును వదిలేయమనే నేను చెబుతాను. కుట్టని ఈగ కోసం బతికున్న చెట్టు కొట్టడం అసలు న్యాయం కాదు.

తేనె కొనే శ్రోతలారా, ఇకనుంచి ఏ ఈగ తేనె, ఎలా తీశారు అని అడిగి కొనండి. పిల్లల పట్టు వదిలి తేనె తెచ్చినవాళ్లకు నాలుగు రూపాయలు ఎక్కువ ఇవ్వండి. ఫోన్ ఉన్న విద్యార్థులు ఈగను పట్టుకోకుండా పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, ముఖం ఒకటి, ఇలా మూడు ఫోటోలు తీసి, ఊరి పేరు, పువ్వు పేరు, గంట ఎంతయిందో రాసిపెట్టండి. ఫోటోలో జాతి తేలకపోతే తేలలేదనే రాయండి, ఊహించి పేరు పెట్టవద్దు. మీ ఊరి చుట్టూ కొండ ఈగ పట్లు పెట్టే చెట్లు ఏవేవో పెద్దవాళ్లకు తెలుసు. ఆ చెట్ల పేర్లు, ఉన్న చోట్లు గ్రామసభలో రాయించండి. వానాకాలంలో అవి ఖాళీగా కనిపిస్తాయి. ఖాళీగా ఉన్నాయని వాటిని కొట్టనివ్వకండి, వాటి ఈగలు తిరిగి వస్తాయి.